ఏడుపు అయ్యేదాకా

ఇంకో గంట. గంటే కదా అని పైకి అనుకుంటోంది గానీ, ఒళ్లో ఉన్న కేకు డబ్బా ఓస్నెకి అప్పుడే మణుగు బరువైంది. పక్కింటి ఊల్లా పెట్టింది ఆ డబ్బా. పొద్దున హిర్ట్‌స్‌హాల్స్ రేవు దాకా వచ్చి, డెన్మార్క్ నుంచి నార్వే వెళ్లే ఓడ ఎక్కబోతుంటే చేతిలో కుక్కి, "దారిలో కాస్త తిను, మీ అక్కక్కూడా పెట్టు, ఇద్దరూ హాయిగా కూర్చుని కబుర్లు చెప్పుకోండి" అని, కళ్లు తుడుచుకోవాల్సొస్తుందేమోనన్న భయంతో గబగబా సైకిలెక్కి వెళ్లిపోయింది. మంచిది ఊల్లా. వెన్నలాంటి మనిషి. ఈ అయిదు వారాల్లో ఎన్ని కేకులు చేసి తెచ్చిందో లెక్క లేదు. కిటికీ అవతల సముద్రం బూడిదరంగులో ఎగిరెగిరి పడుతోంది, నవంబరు కదా, ఈ నెలలో ఈ సముద్రానికి ఎప్పుడూ ఒంట్లో బాగుండదు, బల్ల మీద కాఫీ ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతోంది. అక్క వస్తుందా. కార్డు ముక్క మీద రాసింది నాలుగే వాక్యాలు. ప్రేబెన్ పోయాడు. గురువారం మధ్యాహ్నం ఓడలో వస్తున్నాను, నిన్ను చూడాలనుంది. నువ్వు రేవులో లేకపోతే అదే ఓడలో వెనక్కి వెళ్లిపోతాను. ఏమీ అనుకోను. ఆఖరి మాట పచ్చి అబద్ధం. రాసేటప్పుడే తెలుసు. పదకొండేళ్లయింది అక్క గీరో గొంతు విని, కార్డు వేసి పన్నెండు రోజులైంది, జవాబు లేదు.

కాలు సాగదీసుకుందామని ఇందాక లేచి, ఓడలోని దుకాణం వైపు వెళ్లింది. వెళ్లకుండా ఉండాల్సింది. బీరు పెట్టెలూ పంది మాంసం మూటలూ బండ్లకెత్తుకుని నార్వేవాళ్లు కోలాహలంగా ఉన్నారు, డెన్మార్క్ వెళ్లొచ్చి మాంసం తేకపోతే ఇంట్లోకి రానివ్వరన్నట్టు. వాళ్ల పక్కనే ఒక అరనిండా కొవ్వొత్తులు, ఉన్ని మేజోళ్లు, మెత్తటి దుప్పట్లు, అన్నిటి మీదా ఒకటే మాట అచ్చు కొట్టి ఉంది. హ్యూగె. మొగుడు ప్రేబెన్ ఉంటే నవ్వేవాడు. "చూశావా ఓస్నె, మేజోళ్లకి కూడా అంటించారు, రేపు మనకీ అంటించి అమ్మేస్తారు" అనేవాడు. వెచ్చగా, తీరుబడిగా, తనవాళ్ల మధ్య దీపం వెలుగులో కూర్చునే హాయికి డేన్లు పెట్టుకున్న పేరు అది. ఆ పేరు లేకుండా వాళ్లకి పూట గడవదు. పొద్దున కాఫీలోనూ అదే, వానలోనూ అదే, పెళ్లిలోనూ అదే. అసలు అది మా మాట, నార్వే మాట, రెండొందల ఏళ్ల కిందటే మీరు పట్టుకుపోయారు అని ఆమె అంటే, "మీరు వానలో వదిలేశారు, మేం లోపలికి తెచ్చి తుడిచి పొయ్యి పక్కన పెట్టాం" అనేవాడు ప్రేబెన్, వల అల్లుతూ, సూది నోట్లో పెట్టుకుని. నాలుగొందల ఏళ్లు ఒకే రాజు కింద ఉన్నాం కదా, ఇంట్లో గిన్నెలు ఇటూ అటూ మారవా అనేవాడు. నార్వేలోనూ ఆ మాట ఉంది, లేకపోలేదు. పండగ బట్టల్లా ఎప్పుడో గానీ బయటికి తియ్యరు, రోజువారీకి వేరే మాట వాడుకుంటారు. ఇరవై రెండేళ్లప్పుడు చేపలు కోసే పనికి ఒక్క వేసవి అని వచ్చి, వలలల్లే ప్రేబెన్ పక్కన ముప్ఫై ఎనిమిదేళ్లు ఉండిపోయిన తనకి ఆ మాట ఒంటికి పట్టేసింది. ఎంతగా అంటే, ఇప్పుడు కూడా చెయ్యి దానంతటదే కొవ్వొత్తుల పెట్టె మీదికి పోయింది. ఎవరింటికైనా వెళ్తే ఉత్తచేతులతో వెళ్తారా. పెట్టె చేతిలోకి తీసుకుని, గీరో మొహం గుర్తొచ్చి, కాలినట్టు వెనక్కి పెట్టేసింది.

నాన్న ఆ మాటని కాగితం మీద పెట్టాడు. నాన్న తారాల్, నార్వేలోని సేటెస్‌డాల్ లోయలో వెండిపని. పగలంతా పెళ్లిబట్టలకి గుచ్చుకునే వెండి పిన్నులు చేసేవాడు, కింద చిన్న చిన్న రేకులు వేలాడుతూ, ఊపితే గలగలమనేవి. చలికాలం సాయంత్రాలు బల్ల మీద వెండిపొడి ఊదేసి, చెంప కింద చెయ్యి పెట్టుకుని చీటీలు రాసేవాడు. ఓస్లోలో చదువుకున్నవాళ్లు దేశంలోని పల్లె మాటలన్నీ ఒక పెద్ద నిఘంటువులోకి ఎక్కిస్తున్నారట, లోయకొకరు, ఊరికొకరు మాటలేరి పంపాలట. అరచేతంత చీటీ. పైన మాట, కింద అర్థం, ఆ కింద ఊళ్లోవాళ్లు నిజంగా అన్న ఒక వాక్యం. ఆ వాక్యం దగ్గర నాన్న ప్రాణం తీసేవాడు. సొంతంగా అల్లి రాస్తే పాపం అన్నట్టు, పాలు పోసేవాళ్లనీ చర్చిలో గంట కొట్టేవాణ్నీ ఆపి అడిగేవాడు, వాళ్లు తప్పించుకుని తిరిగేవాళ్లు. చివరికి దొరికేది కూతుళ్లిద్దరే. ఒక సాయంత్రం పొయ్యిలో భోజవృక్షం కట్టెలు చిటపటమంటున్నాయి, గీరోకి ఎనిమిదేళ్లు, తనకి అయిదు. "హుగ్గ అంటే ఏమిటే అమ్మలూ?" అన్నాడు. డేన్ల మాటకి అది తాతమ్మ వరస, హుగ్ అంటే మనసు, మనసుని కుదుటపరచడం అని నాన్న తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం గీరో, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, "మొన్న గొర్రెపిల్ల చచ్చిపోయినప్పుడు నేను దీనికి చేశాను కదా, అదీ" అంది చెల్లెలి వైపు చెయ్యి చూపిస్తూ. నాన్న మొహం వెలిగిపోయింది. చప్పున రాశాడు, ఏడుపు ఆపడం అని. పైకి చదివాడు. గీరో ఒప్పుకోలేదు.

"ఆపలేదు నాన్నా. ఆపితే ఆగుతుందా ఇది? అయిపోయేదాకా పక్కన కూర్చున్నానంతే."

నాన్న రాసింది కొట్టేసి, ఏడ్చేవాళ్ల పక్కన ఏడుపు అయ్యేదాకా కూర్చోవడం అని రాశాడు. ఆ కింద వాక్యం, పెద్దది చిన్నదాని పక్కన అయ్యేదాకా కూర్చుంది. అంతే. ఓస్లో వాళ్లు దాన్నేం చేశారో, ఏ పెట్టెలో పడేశారో తెలీదు. గొర్రెపిల్ల గుర్తు లేదు ఆమెకి. గీరో మోకాలు గుర్తుంది. ఉన్ని పావడా గరుగ్గా, తన చీమిడి దానికి అంటుకుని, గీరో ఏమీ అనకుండా, తల కూడా నిమరకుండా, ఊరికే గోడకి ఆనుకుని కూర్చుని ఉండటం. ఎంతసేపో. ఆ తర్వాత ఎవరూ తనకోసం అంతసేపు అలా కూర్చోలేదు. ప్రేబెన్ కూడా. ప్రేబెన్ నవ్వించేవాడు, ఎవరైనా ఏడిస్తే ఇంకో కబురు ఎత్తేవాడు. తానూ అంతేగా. తనకే ఏం తక్కువ.

పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన గోధుమరంగు జున్ను వేసిన అట్టు తింటూ, పేకముక్కలు జారిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. భార్య ఏదో అంటోంది, "నీ ఆట నువ్వు ఆడు, నా ముక్కల్లోకి చూడకు, దొంగమొహమా" అని, సేటెస్‌డాల్ యాస కాదు గానీ దగ్గరదే. నలభై నిమిషాలు. గీరో ఊరి నుంచి రేవుకి రెండు గంటల పైన దారి, రావాలంటే ఈపాటికి బయల్దేరి సగం దూరం వచ్చేసి ఉండాలి. లేదా ఇంట్లో ఉల్లిపాయ తరుగుతూ గడియారం వంక చూడకుండా ఉండాలి. గీరో అలా చూడకుండా ఉండగలదు. పంతం పడితే బండరాయి.

పదకొండేళ్ల కిందటి మేనెల అది. మార్గిత్ పోయి మూడు వారాలు. గీరోకి ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్లు, మొగుడు ఎప్పుడో విడిపోయి వేరే చోట కాపురం పెట్టాడు, తల్లీకూతుళ్లే లోకం. ఏప్రిల్లో చెరువు మీద గడ్డకట్టిన మంచు పల్చబడ్డాక, కాళ్లకి స్కీ పలకలు కట్టుకుని దాని మీదుగా జారుకుంటూ వస్తూ లోపలికి పోయింది. కర్మకాండ అయ్యాక తనే బలవంతం చేసింది, రా అక్కా, మా ఇంట్లో పదిరోజులుండు, ఒక్కదానివీ ఆ ఇంట్లో ఎట్లా ఉంటావు అని. ఇల్లంతా కడిగింది. కొత్త దుప్పట్లు కొంది. పడమటి గదిలో కిటికీ నిండా కొవ్వొత్తులు పెట్టింది, మేనెలలో పది గంటలదాకా పొద్దువాలదు, అయినా వెలిగించింది, పొద్దున టిఫిను దగ్గర కూడా వెలిగించింది. రోజుకొకరు కేకు పట్టుకుని వచ్చేవాళ్లు. అందరూ మంచివాళ్లే, ఎవర్నీ వేలెత్తి చూపడానికి లేదు. దీపాలు వెలిగి ఉన్న బల్ల దగ్గర కొన్ని మాటలు రావు, అది ఎవరూ ఎవరికీ నేర్పని మర్యాద. తగువులు రావు, రోగాలు రావు, చావు అసలు రాదు. మధ్యలో తెస్తే నలుగురి హాయీ చెడగొట్టినట్టు. గీరో మొదటిరోజు చెంచా కింద పెట్టి, "ఆ రోజు పొద్దున నేనే" అంది. ప్రేబెన్ కంగారుగా నవ్వి, "కొబ్బరి పొర ఉన్న ముక్క అందుకో వదినా, అది ఓస్నె ప్రత్యేకం" అన్నాడు. రెండోరోజు ఊల్లా ఉండగా మళ్లీ అంది, ఆ రోజు పొద్దున నేనే. ఊల్లా ఆమె చెయ్యి నొక్కి, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, మనసు పాడుచేసుకోకు" అని తన మనవరాలి నాట్యం సంగతి ఎత్తింది, పాపం, ఏం ఎత్తాలో తోచక. నాలుగోరోజు మధ్యాహ్నం ఇంకెవరూ లేరు. అక్కా తనూ. గీరో మార్గిత్ పేరెత్తి, ఆ రోజు పొద్దున నేనే అని మొదలుపెట్టింది, గొంతు అదోలా ఉంది, ఓస్నెకి భయమేసింది, ఏదో పెద్దది వచ్చి బల్ల మీద పడబోతోందని, పడితే తను పట్టలేదని. కేకు డబ్బా మూత తీసింది. ఇంత ముక్క తిను అక్కా, పొద్దుట్నించీ ఏం తినలేదు అంది.

గీరో లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పింది. ఏడు. పొగ వాసన గదంతా. "బాగుందే నీ ఇల్లు. ఎక్కడ చూసినా మెత్తగా ఉంది. నా కూతురు కూర్చోడానికే చోటు లేదు" అని, సంచి సర్దుకుని, సాయంత్రం ఓడకి వెళ్లిపోయింది.

కోపమొచ్చింది తనకి. రాదా. ఇంత చేస్తే ఇదా అనుకుంది. ఏడాది కోపంతో గడిచింది, ఇంకో ఏడాది సిగ్గుతో, ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఫోను చెయ్యాలో తెలీక మిగతావన్నీ గడిచాయి. కానీ చేపలు కడుగుతుంటే, బట్టలు ఆరేస్తుంటే, ఆ సగం వాక్యం వచ్చి పక్కన నిలబడేది. నేనే, తర్వాత ఏమిటి. నేనే లేపానా, నేనే తిట్టానా, నేనే ముద్దు పెట్టుకున్నానా. పదకొండేళ్లుగా తోకలేని వాక్యం.

అయిదు వారాల కిందట ఒక పొద్దున ప్రేబెన్ పెరటి కొట్టం లోంచి పిలిచాడు. ఓస్నె, ఒకసారి రావోయ్ అన్నాడు. మామూలు గొంతే. ఆమె రేడియోలో గాలివాన కబురు వింటోంది, వస్తున్నా ఉండండి అంది. విన్నాక కప్పు కడిగింది. కప్పు తుడిచి బోర్లించింది. పది నిమిషాలో, పన్నెండో. వెళ్లేసరికి వల మీద పక్కకి ఒరిగి ఉన్నాడు, సూది ఇంకా వేళ్ల మధ్యనే ఉంది. డాక్టరు వెంటనే పోయి ఉంటాడన్నాడు. ఉంటాడు. ఆ ఉంటాడు అన్న మాటతో రాత్రులు పడుకోవాలి. మర్నాటి నుంచి ఊల్లా కేకులు మొదలయ్యాయి, చీకటి పడకముందే తనే వచ్చి దీపాలు వెలిగించేది. మూడు వారాలు దాటాక ఒకరోజు, కేకు ముక్క పళ్లెంలో ఉండగా, ఓస్నె నోటి వెంట ఆమెకే తెలియకుండా వచ్చింది, "ఆ రోజు పొద్దున నేనే". ఊల్లా ఆమె చెయ్యి నొక్కింది. అవన్నీ ఇప్పుడెందుకమ్మా, వేడిగా ఉండగానే తిను.

ఓస్నె పళ్లెం పక్కకి జరిపేసింది. ఊల్లా ఏదో చెబుతూనే ఉంది, మనవరాలు ఇప్పుడు కాలేజీలో చేరిందట. ఓస్నె ఆ ఏడు కొవ్వొత్తుల పొగ వాసన పీల్చింది, ఆ గదిలో, ఆ నిమిషాన, ముక్కుపుటాలకి తగిలినట్టే. ప్రేబెన్ పేరు పెదవుల మీదికొచ్చి కూర్చోడానికి చోటు లేక వెనక్కిపోయింది. ఆ హ్యూగెకి ముందు ఒక ఊ తగిలిస్తే డేన్లకి దడ పుట్టించే మాట అవుతుంది, దయ్యాల ఇంటికీ అదే, నడిరోడ్డు మీద హత్యకీ అదే. దీపాలు వెలిగిన తన సొంత గదిలో, మంచిమనిషి పక్కన, కేకు వాసనలో ఆమెకి ఆ దడ పుట్టింది. అక్కా. అక్క ఇలా నాలుగు రోజులు కూర్చుంది. తన ఇంట్లో. మర్నాడు వెళ్లి కార్డు కొనుక్కొచ్చింది.

ఎవరో లేచారు. అందరూ లేస్తున్నారు. కిటికీలో నల్లటి రాళ్లు, వాటి మీద తెల్లటి ఇళ్లు, దీపస్తంభం అప్పుడే వెలుగుతోంది, మూడున్నరకే పొద్దు గుంకడానికి తయారు. పేకాట ముసలామె ముక్కలు సంచిలో వేసుకుంటూ, "మళ్లీ నేనే గెలిచాను, మొహం అలా పెట్టకు" అంటోంది. ఓస్నె డబ్బా చంకన పెట్టుకుని లేచింది. అక్క లేకపోతే ఏం చెయ్యాలో ఆలోచించి పెట్టుకుంది, మెట్ల దగ్గరే ఆగిపోయి, టికెట్టు గదికి వెళ్లి, తిరుగు ఓడ అని చెప్పాలి. ఇంటికెళ్లాలి. ఊల్లా అడుగుతుంది, బాగా గడిచిందా అని. బాగా గడిచింది అనాలి. ఓ దేవుడా, అక్క ఉంటే చాలు, తిట్టినా చాలు, చెంప మీద కొట్టినా చాలు. మార్గిత్, మార్గిత్ అని లోపల్లోపల అనుకుంది, నోటికి అలవాటు చేసుకుంటున్నట్టు. పదకొండేళ్లలో ఒక్కసారీ పైకి అనని పేరు.

కార్లు ఆపే చోట, వరసలో మూడోది, మట్టి కొట్టుకుపోయిన పాత వోల్వో. గీరో దిగలేదు. అద్దం దించింది. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది, మొహం మాత్రం నాన్న మొహం.

"ఎక్కవే, చలి లోపలికొస్తోంది" అంది.

ఎక్కింది. కారులో గొర్రె ఉన్ని వాసన, వెనక సీట్లో తాడు చుట్టలు. గీరో ఆమె సంచి వంక చూసింది. "డెన్మార్క్ నుంచి వస్తూ మాంసం కూడా తేలేదా? ఉత్తచేతులేనా? రేవులో నా పరువు తీశావు" అంది, నవ్వకుండా.

"కేకు ఉంది అక్కా."

"అనుకున్నాలే."

కారు స్టార్టు చేసింది. అద్దం తుడిచే పుల్లలు ఒకసారి అటూ ఇటూ తిరిగాయి. ముందు కారు కదలలేదింకా. ఇద్దరూ ఆ కారు వెనక ఎర్ర దీపాల్నే చూస్తూ కూర్చున్నారు. గీరో రోడ్డు వైపే చూస్తూ, "బాధపడ్డాడా అతను?" అంది. "తెలీదు" అంది ఓస్నె. "నేను ఆలస్యంగా వెళ్లాను." గీరో తలాడించింది. అయ్యో నీ తప్పేముంది అనలేదు. అయిదు వారాల తర్వాత ఎవరో ఆ మాట అలా విని ఊరుకోవడం ఓస్నెకి దాహానికి నీళ్లు పోసినట్టుంది. ఇంకా చెప్పాలనుంది, కప్పు సంగతి, కప్పు తుడిచి బోర్లించిన సంగతి. కానీ వరసలో ముందున్నది తను కాదు.

"అక్కా, మార్గిత్..." పేరు పైకి వచ్చింది. పెద్దగానే వచ్చింది. "ఆ రోజు పొద్దున నేనే, అన్నావు. తర్వాతది నేను చెప్పనివ్వలేదు. ఆ పొద్దున ఏమైంది?"

గీరో చేతులు స్టీరింగు మీద అలాగే ఉన్నాయి. ముందు కారు కదిలి వెళ్లిపోయింది. దారి ఖాళీగా ఉంది. గీరో కదల్లేదు. ఊపిరి లోపలికి వెళ్లింది గానీ బయటికి రాలేదు. ఓస్నెలో పాత భయం లేచింది, అదే భయం, ఏదో పెద్దది వచ్చి పడబోతోందని. చెయ్యి డబ్బా మూత మీదికి పోయింది. వేళ్లు మూత అంచు పట్టుకున్నాయి కూడా. గీరో చూపు ఆ వేళ్ల మీద పడింది.

ఓస్నె డబ్బా ఎత్తి వెనక సీట్లో తాళ్ల మధ్య పెట్టేసింది. గ్లవ్వులు తీసి ఒళ్లో పెట్టుకుంది. సీటుకి ఆనుకుని కూర్చుంది.

వెనక ఎవడో హారను కొట్టాడు. గీరో ఇంజను ఆపేసింది.

"ఆ రోజు పొద్దున నేనే చెప్పానే దానికి" అంది. "మంచు ఇంకో వారం ఆగుతుందిలే, వచ్చేటప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి రాకు, చెరువు మీదుగా వచ్చెయ్యి, బంగాళదుంపలు చల్లారిపోతాయి అన్నాను."

హారను మళ్లీ మోగింది, ఇంకొకటి కలిసింది, ఎవరో కిటికీ దించి ఏదో అరిచారు. గీరో స్టీరింగు మీదికి వంగిపోయింది. ఓస్నె ఆమె వీపు మీద చెయ్యి వెయ్యలేదు, ఏమీ అనలేదు. బయట వరసంతా పక్కకి తిప్పుకుని ఒక్కొక్క కారే వాళ్లని దాటుకుని వెళ్లింది. ఆఖరి కారూ వెళ్లాక రేవు దీపాలు వెలిగాయి. అయ్యేదాకా కూర్చుంది చిన్నది.